ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెనిస్‌కు కారులో వెళ్తూ ఒక రాత్రి ఆగాలంటే ఏ ఊరు మేలు?

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన మేరకు చెప్పుకుంటాను. జూలై మొదట్లో పిల్లల బడికి సెలవులు ఇవ్వగానే, శనివారం ఉదయం సొంత కారులో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెనిస్‌కు బయలుదేరాలనుకుంటున్నారు. రాజమండ్రి నుంచి వచ్చిన మీ అమ్మగారు, నాన్నగారు, పదేళ్ల లోపు పిల్లలిద్దరు మీతో ఉంటారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, పెద్దవాళ్లిద్దరూ శాకాహారులు. ఒక్క రోజులో అంత దూరం వెళ్లలేరు కనుక మధ్యలో ఏదైనా ముచ్చటైన చిన్న ఊళ్లో ఒక రాత్రి ఆగాలని ఉంది. జర్మనీలోని రోథెన్‌బుర్గ్, ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్, ఇన్స్‌బ్రుక్ అనే మూడు పేర్లు రాసి, వీటిలో ఏది మంచిదని అడిగారు.

ఈ మూడూ చూడదగ్గ ఊళ్లే అయినా, మీ ప్రయాణానికి ఏదీ సరిపోదు. బ్రెన్నర్ కనుమ దాటి ఇటలీలోకి దిగాక తగిలే బ్రిక్సెన్‌లో రాత్రికి ఆగండి. ఇటాలియన్‌లో ఆ ఊరిని బ్రెస్సనోనే అంటారు. రోడ్డు మీది బోర్డుల్లో రెండు పేర్లూ ఉంటాయి కనుక నావిగేషన్‌లో ఏది కనిపించినా కంగారు పడనక్కర్లేదు. పగలు భోజనానికి దారిలోనే ఉన్న డింకెల్స్‌బ్యూల్‌లో గంటన్నర ఆగండి. వీలైతే శనివారం బదులు ఆదివారం బయలుదేరండి. ఈ దారిలో తరచుగా కారు నడిపే అనుభవంతో ఇలా చెబుతున్నాను. కారణాలు కూడా వివరంగా రాస్తాను, ఎందుకంటే అవి తెలిస్తే రేపు మీ తేదీలు మారినా, దారి మారినా, ఆగవలసిన ఊరిని మీరే ఎంచుకోగలుగుతారు.

రాత్రి మజిలీకి ఊరు వెతికేటప్పుడు అందరూ మొదట చూసేది ఫొటోలు. ఆ ఫొటోలు నడి మధ్యాహ్నపు ఎండలోనో, తెల్లవారుజామున వీధుల్లో మనిషి లేనప్పుడో తీసినవి. మీరు ఆ ఊళ్లో ఉండేది సాయంత్రం ఐదు గంటల నుంచి మర్నాడు ఉదయం తొమ్మిది దాకా. అందులో నిద్ర, స్నానాలు, రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం పోగా మిగిలేది సాయంత్రం రెండు గంటలు, ఉదయం ఒక గంట. ఆ మూడు గంటల్లో, రోజంతా కారులో కూర్చుని అలసిపోయిన మీ అందరికీ ఆ ఊరు ఏమివ్వగలదన్నదే మీరు వేసుకోవలసిన ప్రశ్న. కారు ఒక చోట పెట్టి మళ్లీ తాళం ముట్టుకోకుండా, గది నుంచి భోజనానికీ, నది ఒడ్డుకీ, ఊరి నడిబొడ్డుకీ నడిచి వెళ్లగలగాలి. నేల చదునుగా ఉండాలి. ఎనిమిది గంటలకు కూడా వంటగది తెరిచి ఉండాలి. హైవే దిగాక పది, పదిహేను నిమిషాల్లో గది చేరాలి. ఈ నాలుగూ ఉన్న సాదాసీదా ఊరు, ఇవి లేని జగత్ప్రసిద్ధమైన ఊరి కన్నా మీకు ఎక్కువ సుఖాన్నిస్తుంది. బ్రిక్సెన్ అదృష్టవశాత్తు సాదాసీదా ఊరు కూడా కాదు.

ఇక ఎక్కడ ఆగాలన్న విషయం. మొత్తం దూరంలో సగం దగ్గర ఆగాలన్నది అందరికీ తోచే లెక్క. వెనిస్ మీకు సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లు. సగం అంటే జర్మనీ దక్షిణపు అంచున, ఫ్యూసెన్‌కో మ్యూనిక్‌కో అటూ ఇటూ. అక్కడ పడుకుంటే మర్నాడు ఉదయం మీ ముందు ఉండేవి ఆస్ట్రియా సరిహద్దు, ఇన్ నది లోయ, బ్రెన్నర్, ఆ తర్వాత ఇటలీ పొడవునా దిగుడు. అంటే రాకపోకలు స్తంభించే చోట్లన్నీ రెండో రోజుకు మిగులుతాయి, వెనిస్‌లో గదికి చేరే గంట మీ చేతిలో ఉండదు. దూరాన్ని కాకుండా కష్టాన్ని సగం చేయాలి. బ్రిక్సెన్ ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఆరు వందల కిలోమీటర్ల దాపున ఉంటుంది. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే భోజనం, విశ్రాంతి కలుపుకొని సాయంత్రం నాలుగు, ఐదు మధ్య చేరవచ్చు. మొదటి రోజు పొడవైనదే, కాదనను. అయితే రెండో రోజుకు మిగిలేది మూడు, మూడున్నర గంటల దారి, అదీ సరిహద్దులూ కనుమలూ లేకుండా. ఉదయం తాపీగా పది గంటలకు బయలుదేరినా భోజనం వేళకు వెనిస్ దరిదాపుల్లో ఉంటారు.

బ్రెన్నర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీ ప్రయాణం సుఖంగా సాగేదీ సాగనిదీ అక్కడే తేలుతుంది. దాదాపు 1,370 మీటర్ల ఎత్తున్న ఈ కనుమ, ఆల్ప్స్‌ను దాటించే పెద్ద కనుమల్లో తక్కువ ఎత్తున్నది కావడం వల్లే రోమన్ల కాలం నుంచి ఉత్తర దక్షిణాల మధ్య ప్రధాన మార్గంగా ఉంది. ఇప్పుడు ఆ భారమంతా ఏ13 హైవే మీద పడుతోంది. దాని మీదున్న లూయెగ్ వంతెన పాతబడి, కొత్త వంతెన కట్టే పనులు నడుస్తున్నందువల్ల 2025 జనవరి నుంచి అక్కడ చాలా రోజుల్లో ఒక్కో దిక్కుకు ఒక్క వరుస మాత్రమే వదులుతున్నారు; రద్దీ ఎక్కువయ్యే రోజుల్లో రెండు వరుసలు తెరుస్తారు. జూలైలో శనివారం అంటే జర్మనీలో సగం మంది దక్షిణానికి బయలుదేరే రోజు. ఆదివారం నాడు జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ మూడు దేశాల్లోనూ పగటి పూట భారీ లారీలను హైవేల మీదికి రానివ్వరు, సెలవులకు వెళ్లేవాళ్లలో ఎక్కువ మంది అప్పటికే వెళ్లిపోయి ఉంటారు. అందుకే ఆదివారం అంటున్నాను. ఒక్కటే ఇబ్బంది: ఆదివారం జర్మనీలో సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి, హైవే పక్కన దొరికేవి ఖరీదైనవి. పాలు, పండ్లు, నీళ్లు శనివారమే కొనిపెట్టుకోండి. అమ్మగారు ఎలాగూ పులిహోర కలిపి పెడతారు కనుక దారిలో తిండికి లోటుండదు.

దారి ఇలా సాగుతుంది. ఏ3 మీద వ్యుర్ట్స్‌బుర్గ్ దాకా వెళ్లి, అక్కడ ఏ7 ఎక్కి దక్షిణానికి తిరగాలి. రెండున్నర గంటల లోపే డింకెల్స్‌బ్యూల్ వస్తుంది. రోథెన్‌బుర్గ్‌లాగే ఇదీ చుట్టూ ప్రాకారం, బురుజులు, కోణాకారపు కప్పుల ఇళ్లు ఉన్న పాత స్వతంత్ర నగరం. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బ తినకుండా మిగిలింది, పర్యాటకుల బస్సులు రోథెన్‌బుర్గ్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఉదయం తొమ్మిదింటికి చేరితే కాఫీ, పదకొండుకు చేరితే భోజనం. ఎలాగైనా పిల్లలు ప్రాకారం పక్కన పరుగెత్తడానికి, పెద్దలు కాళ్లు చాపుకోవడానికి చక్కని చోటు. ఊరి ద్వారం బయటే కార్లు పెట్టుకునే స్థలాలున్నాయి. సమయం కొంచెం ఎక్కువగా ఉండి, పిల్లలకు ఖగోళం మీద ఆసక్తి ఉంటే పక్కనే ఉన్న నోర్డ్‌లింగెన్‌ను తీసుకోండి. సుమారు కోటిన్నర సంవత్సరాల కింద ఉల్క పడి ఏర్పడిన, ఇరవై నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పున్న గుంటలో ఆ ఊరు ఉంది. చంద్రుడి మీదికి వెళ్లబోయే అపోలో 14 వ్యోమగాములకు 1970లో అక్కడి రాళ్ల దగ్గరే పాఠాలు చెప్పారు. ఊరి చర్చి గోడలు కూడా ఉల్కాపాతపు రాతితోనే కట్టినవి. చేత్తో తడిమి చూపిస్తే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. కానీ అది హైవేకు కాస్త దూరం, ఆరు వందల కిలోమీటర్ల రోజున అందరికీ చెప్పను.

ఉల్మ్ దగ్గర ఏ7, ఏ8 కలిసే కూడలిలో మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. నేరుగా ఏ7 మీదే వెళ్తే ఫ్యూసెన్, అక్కడి నుంచి 1,212 మీటర్ల ఎత్తున్న ఫెర్న్ కనుమ మీదుగా ఇన్స్‌బ్రుక్. ఇది దగ్గర దారి, కొండల అందం ఇందులోనే ఎక్కువ, కాని రెండు వరుసల మామూలు రోడ్డు, వారాంతాల్లో ఫ్యూసెన్ సొరంగం ముందు కార్లను ఆపి కొద్దికొద్దిగా వదులుతారు. ఏ8 మీద మ్యూనిక్ చుట్టి కుఫ్‌స్టైన్ మీదుగా వెళ్తే దూరం ఎక్కువ, కాని ఆసాంతం హైవే. ఇంటి దగ్గరే నిర్ణయించుకోకండి. ఉల్మ్ చేరే ముందు ఒక విశ్రాంతి స్థలంలో ఆగి ఆ క్షణానికి రద్దీ ఎలా ఉందో చూసి, ఎటు తక్కువ ఆలస్యం ఉంటే అటు వెళ్లండి.

ఆస్ట్రియా హైవేలకు విన్యెట్, అంటే ముందే డబ్బు కట్టి తీసుకునే రోడ్డు పాసు, తప్పనిసరి. ఒక రోజుకు, పది రోజులకు విడివిడిగా దొరుకుతుంది, బండి నంబరు మీద ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. ఏ13 అనే ఆ బ్రెన్నర్ హైవేకు మాత్రం విన్యెట్ వర్తించదు, దానికి విడిగా టోల్ కట్టాలి. ఇటలీలోకి దిగాక స్టెర్ట్సింగ్ దగ్గర టోల్ గేటులో చీటీ తీసుకుంటారు, హైవే దిగే చోట వెళ్లిన దూరానికి డబ్బు కడతారు. ఆ చీటీ పోగొట్టుకుంటే హైవే మొదటి నుంచి వచ్చినట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది, అందుకని దాన్ని దాచే పని ఒక్కరికే అప్పగించండి. ఇంకొక జాగ్రత్త: వేసవి వారాంతాల్లో ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రం, పైపైన దాటిపోయే కార్లు రద్దీ తప్పించుకోవడానికి హైవే దిగి పల్లెటూళ్ల రోడ్లలోకి రాకుండా నిషేధం పెడుతుంది. నావిగేషన్ ఎంత ఊరించినా హైవే మీదే ఉండండి, లేకపోతే పోలీసులు వెనక్కి పంపుతారు.

ఇప్పుడు మీరు రాసిన మూడు ఊళ్ల సంగతి. రోథెన్‌బుర్గ్ నాకు ఎంతో ఇష్టమైన ఊరు. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక దాని వీధుల్లో నడవడం ఒక భాగ్యం. కానీ అది మీ ఇంటికి రెండు గంటల దూరం. అక్కడ పడుకుంటే రెండో రోజుకు ఏడు వందల కిలోమీటర్లు మిగులుతాయి. అమ్మగారూ నాన్నగారూ ఉండగానే వేరే శని, ఆదివారాల్లో దానికోసమే వెళ్లి ఒక రాత్రి ఉండి రండి. హాల్‌స్టాట్ మీ దారిలో లేదు. జాల్ట్స్‌బుర్గ్‌కు ఆగ్నేయంగా సరస్సు ఒడ్డున, కొండకు అతుక్కుని ఉన్న ఎనిమిది వందల లోపు జనాభా గల పల్లె అది. కారు ఊరి బయట పెట్టి సామాను మోసుకుంటూ నడవాలి, ఇళ్ల మధ్య మెట్లు ఎక్కువ. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని అక్కడికి ఒక్క రాత్రి కోసం తీసుకెళ్లడం భావ్యం కాదు. పైగా అక్కడికి వెళ్తే బ్రెన్నర్ వదిలి, టావర్న్ సొరంగాలు ఉన్న ఏ10 మీదుగా వెనిస్ చేరవలసి వస్తుంది. ఎప్పుడైనా ఆ దారినే పోవలసి వస్తే, కెర్న్‌టెన్ రాష్ట్రంలో హైవే ఎగ్జిట్ పక్కనే ఉన్న గ్మ్యుండ్ అనే చిన్న కోట ఊరిలో ఆగండి. పోర్షె 356 కారు 1948లో పుట్టింది అక్కడే. ఇన్స్‌బ్రుక్ విషయానికొస్తే, అది పెద్ద నగరం. దానికి ఒక పూర్తి రోజు ఇవ్వాలి. సాయంత్రం నగరపు రద్దీలో దూరి, భూగర్భ గ్యారేజీలో కారు పెట్టి, మర్నాడు పొద్దున మళ్లీ అదే రద్దీలో బయటపడి బ్రెన్నర్ ఎక్కడం మజిలీ అనిపించుకోదు.

బ్రిక్సెన్‌ను ఎందుకంతగా చెబుతున్నానంటే, అది పుట్టినప్పటి నుంచీ దారిన పోయేవాళ్లకు ఆతిథ్యమిచ్చిన ఊరు. క్రీ.శ. 901 నాటి దానపత్రంలో దాని పేరు మొదటిసారి కనిపిస్తుంది. 1803 దాకా అది బిషప్పులు రాజులుగా ఏలిన చిన్న రాజ్యానికి రాజధాని. జర్మనీ చక్రవర్తులు, వెనిస్ వర్తకులు, యాత్రికులు బ్రెన్నర్ ఎక్కే ముందో దిగాకో ఇక్కడ ఆగేవారు. ఆ అతిథుల్లో అందరికన్నా పెద్దది ఒక ఏనుగు. పోర్చుగల్ రాజకుటుంబం నుంచి కానుకగా అందిన ఆసియా ఏనుగును, తర్వాత రెండో మాక్సిమిలియన్ చక్రవర్తి అయిన యువరాజు, స్పెయిన్ నుంచి ఓడలో జెనోవాకు, అక్కడి నుంచి నడిపించుకుంటూ వియన్నాకు తీసుకుపోయాడు. దాని పేరు సులేమాన్. 1551-52 చలికాలంలో మంచు నిండిన బ్రెన్నర్ ఎక్కే ముందు అది సుమారు రెండు వారాలు బ్రిక్సెన్‌లోని ఒక సత్రంలో విశ్రాంతి తీసుకుంది. ఆ సత్రం తర్వాత ఏనుగు పేరే పెట్టుకుని ఇప్పటికీ హోటల్‌గా నడుస్తోంది, గోడ మీద ఏనుగు బొమ్మ ఉంటుంది.

దీనికి జోడుగా మీ పిల్లలకు తప్పక చూపించవలసినది ఇంకొకటి ఉంది. పెద్ద చర్చి పక్కన, చతురస్రాకారంలో నాలుగు వైపులా వసారాలున్న ప్రాంగణం ఉంది. వసారా కప్పుల నిండా మధ్యయుగపు కుడ్యచిత్రాలు. మూడో కమాను కింద నిలబడి తలెత్తి చూస్తే బైబిల్ యుద్ధకథలోని ఏనుగు కనిపిస్తుంది. దానికి గుర్రం కాళ్లు, గుర్రం ఒళ్లు, ముఖానికి మాత్రం బూరలాంటి తొండం. సులేమాన్ రావడానికి దశాబ్దాల ముందు, జీవితంలో ఏనుగును చూడని చిత్రకారుడు విన్నదాన్ని బట్టి వేసిన బొమ్మ అది. గుళ్ల ముందూ ఊరేగింపుల్లోనూ ఏనుగును చూసి పెరిగిన మీ నాన్నగారు ఆ బొమ్మ ముందు మనవలకు అసలు ఏనుగు ఎలా ఉంటుందో చెప్పే ఐదు నిమిషాల కోసమైనా ఆ ఊళ్లో ఆగవచ్చు. సాయంత్రం చేరేసరికి ప్రాంగణం మూసేసే అవకాశం ఉంది కనుక దీన్ని ఉదయానికి ఉంచుకోండి.

సాయంత్రానికి ఊరే చాలు. పాత ఊరంతా కార్లు తిరగని ప్రాంతం, నేల చదును. రెండు గోపురాల పెద్ద చర్చి ముందు విశాలమైన కూడలి, చుట్టూ బెంచీలు; అమ్మగారు అక్కడ కూర్చుంటే పిల్లలు కళ్ల ముందే ఆడుకుంటారు. కూడలి వెనక సందుల్లో రోడ్డుకు రెండు వైపులా కమానుల వసారాలు, వాటి కింద దుకాణాలు, వాన పడినా తడవకుండా నడవవచ్చు. ఐదు, పది నిమిషాలు నడిస్తే ఐజాక్, రీన్స్ నదులు కలిసే చోటు. జూలైలో తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. వీధి కుళాయిల్లో చల్లని కొండ నీళ్లు వస్తాయి, సీసాలు నింపుకోవచ్చు. బ్రిక్సెన్ ఉన్న ఈ దక్షిణ టిరోల్ ప్రాంతం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే ఇటలీలో కలిసింది. బ్రిక్సెన్‌లో ఇప్పటికీ దాదాపు నలుగురిలో ముగ్గురి మాతృభాష జర్మనే. ఫ్రాంక్‌ఫర్ట్ బడిలో చదివే మీ పిల్లలు హోటల్లో తమకు కావలసింది తామే అడిగి తెప్పించుకోగలుగుతారు.

శాకాహారం విషయంలో ఈ ప్రాంతం ఆల్ప్స్‌లోకెల్లా సుళువైనది. ష్లుట్స్‌క్రాఫెన్ అని, మన కజ్జికాయ ఆకారంలో పాలకూర, విరిగిన పాల ముద్ద కూరి ఉడికించి, కరిగించిన వెన్న పోసి ఇస్తారు, పెద్దవాళ్లకు నచ్చుతుంది. పిండిలో గుడ్డు కలిపే అలవాటు ఉంది కనుక, గుడ్డు కూడా తినని వారైతే ముందే అడగండి. గుడ్డు తినేవారైతే పాలకూర వేసిన క్నోడెల్ ఉండలు తినవచ్చు, కాని స్పెక్ క్నోడెల్ అంటే అందులో పంది మాంసం ఉంటుంది. బార్లీ సూప్ శాకాహారంలా కనిపిస్తుంది గాని తరచుగా పొగబెట్టిన మాంసం వేసి కాస్తారు. అనుమానం ఉన్నప్పుడు పిజ్జా, టమాటా పాస్తా ఎక్కడైనా దొరుకుతాయి, కారం తక్కువనిపిస్తే మీ దగ్గర ఆవకాయ ఎలాగూ ఉంటుంది. పెరుగు గురించి బెంగ పెట్టుకోకండి: బ్రెన్నర్ దిగగానే వచ్చే స్టెర్ట్సింగ్ ఊరి పాల సహకార సంఘం 1884 నుంచి ఉంది, దాని పెరుగు ఇటలీ అంతటా పేరున్నది. చక్కెర కలపని రకం చూసి తీసుకోండి.

ఆ స్టెర్ట్సింగ్ కూడా మజిలీకి చాలా మంచి ఊరే. బ్రెన్నర్‌కు పదిహేను కిలోమీటర్ల దిగువన, వెండి గనుల సంపదతో కట్టిన రంగురంగుల ఇళ్ల వీధి, ఆ వీధి మొదట్లో నలభై ఆరు మీటర్ల గడియారపు బురుజు. మొత్తం ఊరిని అరగంటలో చూసేయవచ్చు. బ్రెన్నర్ దగ్గర రెండు గంటలు ఆలస్యమై, ఏడు దాటాక ఇటలీలోకి దిగుతారనిపిస్తే బ్రిక్సెన్ కోసం పట్టుబట్టకుండా ఇక్కడే ఆగడం ఉత్తమం. అందుకే బ్రిక్సెన్‌లో గది, ఆ రోజు దాకా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. బ్రిక్సెన్‌కు దిగువన ఉన్న క్లౌజెన్ ఇంకా చిన్నది, ఇంకా అందమైనది. ఇటలీ వెళ్తూ ఈ దారిన నడిచిన చిత్రకారుడు డ్యూరర్ ఆ ఊరిని గీసి, తర్వాత తన రాగిరేకు చిత్రం ఒకదానిలో అడుగున చెక్కాడు; పైన జేబెన్ కొండ మీద ఇప్పుడు మఠం కనిపిస్తుంది. ఇద్దరే వెళ్తుంటే క్లౌజెన్ అనేవాడిని. లోయ ఇరుకు, కారు పెట్టుకునే చోట్లు తక్కువ, మఠానికి ఎక్కుడు నిటారు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి బ్రిక్సెన్ హాయి.

ఆఫీసు ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి గాని బయలుదేరలేని పరిస్థితి వస్తే లెక్క మొత్తం మారుతుంది. అప్పుడు బ్రెన్నర్ ఆశ వదిలేసి డింకెల్స్‌బ్యూల్‌లోనే పడుకోండి, మర్నాడు ఉదయం ఆరింటికే లేచి బయలుదేరండి. అలసిన డ్రైవరు చీకట్లో కొండ రోడ్డు ఎక్కడం కన్నా వెనిస్‌లో ఒక సాయంత్రం పోగొట్టుకోవడం ఎంతో నయం.

గది బుక్ చేసే ముందు హోటల్ వారికి నాలుగు ప్రశ్నలు రాసి జవాబు తెప్పించుకోండి. లిఫ్ట్ వీధి మట్టం నుంచే ఉందా, లేక లిఫ్ట్ దాకా కొన్ని మెట్లు ఎక్కాలా. ఈ పాత ఇళ్లలో రెండోదే ఎక్కువ. కారు పెట్టే చోటు హోటల్‌దేనా, ఎంత దూరం, పాత ఊళ్లోకి సామాను దించడానికి కారు తీసుకురావచ్చా. ఇటలీలో పాత ఊళ్ల లోపలికి అనుమతి లేని కార్లను కెమెరాలు ఫొటో తీసి, జరిమానా నెలల తర్వాత జర్మనీలోని ఇంటికి పంపిస్తాయి, కాబట్టి హోటల్ వారు మీ బండి నంబరు నమోదు చేస్తామని రాతపూర్వకంగా చెబితేనే లోపలికి వెళ్లండి. రాత్రి ఎన్నింటి దాకా రిసెప్షన్‌లో మనిషి ఉంటారు. ఆదివారం వారి భోజనశాల తెరిచి ఉంటుందా. ఈ ప్రాంతంలో ఒక్కో హోటల్ వారానికి ఒక రోజు సెలవు పాటిస్తుంది. చర్చి కూడలి వైపు గది చూడముచ్చటగా ఉంటుంది గాని గంటలు తెల్లవారకముందే మొదలవుతాయి. నాన్నగారికి నిద్ర పలచనైతే వెనక వైపు గది అడగండి. గది అద్దెతో పాటు తలకు ఇంతని స్థానిక పన్ను అక్కడ కట్టాలి, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అది ఉండదు. చాలా హోటళ్లు అతిథులకు ఆ ప్రాంతపు బస్సులు, రైళ్లు ఉచితంగా ఎక్కే పాసు ఇస్తాయి. మర్నాడు ఉదయం దానితో మూడు కిలోమీటర్ల దూరంలోని, 1142లో స్థాపించిన నోయిస్టిఫ్ట్ మఠానికి బస్సులో వెళ్లి రావచ్చు. ఏనుగు బొమ్మ, నోయిస్టిఫ్ట్ రెండూ పెట్టుకోవద్దు, ఒకటి చాలు.

తిరుగు ప్రయాణంలో అదే ఊళ్లో మళ్లీ ఆగనక్కర్లేదు. ఉత్తరానికి వచ్చేటప్పుడు కూడా కష్టమైన భాగాన్ని మొదటి రోజే దాటేయాలన్నది అదే సూత్రం. కాబట్టి బ్రెన్నర్ దిగి, ఇన్స్‌బ్రుక్‌కు పది కిలోమీటర్ల తూర్పున హైవే పక్కనే ఉన్న హాల్ అనే ఊళ్లో ఆగండి. ఒకప్పుడు ఉప్పు గనులతో, నాణేల టంకశాలతో ఇన్స్‌బ్రుక్‌ను మించి బతికిన ఊరు. 1486లో యూరప్‌లో తొలి పెద్ద వెండి నాణేలను ముద్రించింది ఇక్కడే, టంకశాల బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. పాత ఊళ్లో కొన్ని సందులు ఎగుడుగా ఉంటాయి కనుక దిగువ కూడలికి దగ్గరగా గది చూసుకోండి. మర్నాడు పొద్దున హైవే ఎక్కే ముందు ఊళ్లోని బంకులోనే పెట్రోలు నింపించండి. ఆస్ట్రియాలో ధర సాధారణంగా ఇటలీ కన్నా, జర్మనీ కన్నా తక్కువ, హైవే మీది బంకుల్లో మాత్రం మూడు దేశాల్లోనూ ఎక్కువే.